చంద్రుడి గుడ్డూ, క్లారా కోపమూ

‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఎనిమిదో సీజన్‌లో ఏడో ఎపిసోడ్ పేరు ‘కిల్ ద మూన్’. 2014 అక్టోబరు 4న బీబీసీలో వచ్చింది. ముప్పావుగంట నిడివి. ఆఖరి ఐదు నిమిషాలు ఎంత బాగున్నాయంటే, ఆ ఐదు నిమిషాల కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. మధ్యలో ఓ ఇరవై నిమిషాలు మాత్రం నాకు చాలా కష్టంగా గడిచాయి.

ఎందుకు కష్టమో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నేను వెటర్నరీ డాక్టర్ని. రాజేంద్రనగర్ కాలేజీలో చదివి, పశుసంవర్ధక శాఖలో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం కోళ్లతోనే గడిపాను. షాద్‌నగర్ వైపు, శామీర్‌పేట వైపు, ఇబ్రహీంపట్నం వైపు ఫారాలూ హ్యాచరీలూ తిరిగినదాన్ని. ఇప్పుడు రిటైరై అత్తాపూర్‌లో ఉంటున్నాను. సెలవుల్లో మా మనవరాలు వస్తే ఇద్దరం కలిసి ఈ సిరీస్ చూస్తాం. తను తొమ్మిదో తరగతి. ఈ ఎపిసోడ్ కథంతా ఒక గుడ్డు చుట్టూ తిరుగుతుంది. గుడ్డు సంగతి వచ్చాక నేను మాట్లాడకుండా ఉండలేను.

కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు చూసొచ్చాక మిగతాది చదవండి. కథ చెప్పకుండా దీని గురించి ఏమీ చెప్పలేను.

2049వ సంవత్సరం. చంద్రుడి బరువు పెరిగిపోయింది. భూమి మీద సముద్రాలు పొంగి ఊళ్లు మునిగిపోతున్నాయి. అంతకుముందు ఖనిజాల కోసం చంద్రుడి మీదికి వెళ్లిన మెక్సికో బృందం తిరిగి రాలేదు. అప్పటికి మనుషులు అంతరిక్షానికి వెళ్లడం మానేశారు కాబట్టి, మ్యూజియంలో పెట్టిన పాత షటిల్‌ని బయటికి తీసి, వంద అణుబాంబులు ఎక్కించి, ముగ్గురు వ్యోమగాముల్ని పంపుతారు. వాళ్ల నాయకురాలు లుండ్‌విక్. కాలయంత్రంలో తిరిగే గ్రహాంతరవాసి డాక్టరు (సిరీస్ హీరో), అతనితో తిరిగే టీచరమ్మ క్లారా, ఆమె స్కూల్లో చదివే కోర్ట్నీ అనే అమ్మాయి సరిగ్గా అదే షటిల్లో దిగుతారు. కోర్ట్నీ రావడానికి కారణం చిన్నదే. నువ్వేమీ ప్రత్యేకం కాదని డాక్టరు తనతో అన్నాడు, అది ఆ పిల్ల మనసులో ముల్లులా గుచ్చుకుంది. పెద్దవాళ్లు తేలిగ్గా అనేసే ఒక్క మాట ఆ వయసు పిల్లని ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ ఎపిసోడ్ రాసిన పీటర్ హార్నెస్‌కి బాగా తెలుసు. మా మనవరాలు మొదటి పది నిమిషాలు కోర్ట్నీనే చూస్తూ కూర్చుంది.

మొదటి సగం భయపెట్టే కథ. పాడుబడ్డ స్థావరం, చీకటి, సాలెగూళ్లు, పెద్ద సాలీళ్ల లాంటి జీవులు. చంద్రుడి నేలగా చూపించింది స్పెయిన్‌కి చెందిన లాంజరోటీ అనే అగ్నిపర్వతాల దీవిని. నల్లటి బూడిద నేల మీద, నల్లటి ఆకాశం కింద తీసిన ఆ దృశ్యాలు స్టూడియో సెట్టు ఎప్పటికీ ఇవ్వలేని ఒంటరితనాన్ని ఇచ్చాయి. దర్శకుడు పాల్ విల్మ్స్‌హర్స్ట్‌కి ఆ విషయంలో పూర్తి మార్కులు వేస్తాను.

ఆ సాలీళ్ల విషయంలో నాకు మహా సంతోషం కలిగింది. కోర్ట్నీ చేతిలో ఉన్న క్లీనింగ్ స్ప్రే కొడితే ఒక సాలీడు చచ్చిపోతుంది. క్రిములని చంపే మందుకి సాలీడు ఎందుకు చచ్చింది? అది క్రిమే కాబట్టి. ఈ కథలో చంద్రుడే ఒక గుడ్డు, అంత గుడ్డు మీద బతికే బ్యాక్టీరియా ఆ లెక్కనే పెద్దగా ఉంటుందని కథ. ఇది రాసినాయనకి గుడ్డు పెంకు మీద ఏముంటుందో తెలుసన్నమాట. కోడి పెట్టిన గుడ్డు మీద పల్చటి పూత ఒకటి ఉంటుంది. పెంకులో వేలాది సన్నటి రంధ్రాలుంటాయి, బ్యాక్టీరియా వాటిలోంచి లోపలికి పోకుండా ఆ పూతే కాపాడుతుంది. పొదిగించే గుడ్లని ఊరికే తడిగుడ్డతో తుడవొద్దని మేం ఫారం వాళ్లకి పదేపదే చెప్పేది ఇందుకే. హ్యాచరీల్లో గుడ్లని సెట్టర్లో, అంటే పొదిగే యంత్రంలో పెట్టేముందు క్రిములు చచ్చేలా ఫార్మలిన్ పొగ పెడతారు. కోర్ట్నీ చేసింది కూడా అలాంటి పనే. ఒక్క కణం అంత పెద్దగా పెరగడం సాధ్యం కాదు, లోపలికి ఆక్సిజన్ అందక చచ్చిపోతుంది, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా కథకి ఆమాత్రం వదిలెయ్యొచ్చు. ఆలోచన మంచిది, కథకి అతికింది కూడా. బాధేమిటంటే, గుడ్డు సంగతి బయటపడగానే ఆ సాలీళ్లు కథలోంచి మాయమైపోతాయి. అంతసేపు భయపెట్టినవి తర్వాత ఏమయ్యాయో ఒక్క ముక్క చెప్పరు.

ఇక బరువు. చంద్రుడు పదికోట్ల ఏళ్లుగా ఒక గుడ్డని, లోపల పిల్ల ఎదుగుతోంది కాబట్టి బరువు పెరిగిందని డాక్టరు తేలుస్తాడు. ఇక్కడే నేను సినిమా ఆపించి మనవరాలికి చెప్పాల్సి వచ్చింది. పొదిగేకొద్దీ గుడ్డు బరువు తగ్గుతుంది. సెట్టర్లోకి వెళ్లేటప్పుడు 60 గ్రాములున్న గుడ్డు, 18వ రోజున, పిల్లలు బయటికొచ్చే హ్యాచర్లోకి మార్చేసరికి 53 గ్రాముల దగ్గరికి వస్తుంది. లోపలి నీరు పెంకు రంధ్రాల్లోంచి ఆవిరై పోతుంది. పిల్లకి కావాల్సిన పదార్థమంతా మొదటిరోజు నుంచే లోపల ఉంటుంది. పచ్చసొనలో, తెల్లసొనలో ఉన్న ఆహారంతోనే పిల్ల ఎదుగుతుంది తప్ప బయటినుంచి ఏమీ రాదు. గాలి మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. అసలు బరువు తగ్గకపోతేనే ప్రమాదం. గుడ్డు మొద్దు వైపు గాలి అర సరిగ్గా పెరగదు, పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది అక్కడే కాబట్టి లోపలే చచ్చిపోతుంది. ట్రేలు తూచి చూసి తేమ పెంచడం, తగ్గించడం హ్యాచరీలో ముఖ్యమైన పని. ఇది పల్లెల్లో గుడ్లు పొదిగించడానికి కోడిని కూర్చోబెట్టే ఆడవాళ్లకీ తెలుసు. గుడ్డుని దీపానికి అడ్డంపెట్టి గాలి అర చూసి ఎన్నాళ్లదో చెప్పేస్తారు.

చంద్రుడి లెక్క చూసినా అంతే. అక్కడి ఆకర్షణ భూమి మీదున్న దానిలో ఆరో వంతు. ఎపిసోడ్‌లో అందరూ అక్కడ భూమి మీద నడిచినట్టే నడుస్తారు. అదే సైజులో అలా జరగాలంటే చంద్రుడి బరువు ఆరు రెట్లవ్వాలి. అంటే ఇంకో ఐదు చంద్రుళ్లంత పదార్థం ఎక్కడినుంచో రావాలి. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు. అపోలో వ్యోమగాములు తెచ్చిన 382 కిలోల రాళ్లూ మట్టీ పరీక్షించి, అక్కడ 300 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లున్నాయని తేల్చిన తర్వాత రాసిన కథ ఇది. పదికోట్ల ఏళ్ల మాట అనే ముందు ఎవరినైనా అడిగుండాల్సింది. బీబీసీ లాంటి సంస్థకి ఒక ఫోన్ కాల్ దూరంలో శాస్త్రవేత్తలు దొరుకుతారు.

ఆఖర్లో జరిగేది ఇంకా కష్టం. పెంకు పగిలి బయటికొచ్చిన ఆ పెద్ద పక్షి లాంటి జీవి, పుట్టిన కాసేపటికే, తను వచ్చినంత గుడ్డు ఒకటి పెట్టి వెళ్లిపోతుంది. అదే కొత్త చంద్రుడు. ఆడ కోడిపిల్ల పుట్టేటప్పటికే దాని అండాశయంలో జీవితానికి సరిపడా అండాలుంటాయి, నిజమే. అవి గుడ్లుగా మారడానికి సుమారు 18 నుంచి 20 వారాలు పడుతుంది, అదీ సరైన మేత, సరైన వెలుతురు ఉంటే. మొదట పెట్టేవి చిన్న గుడ్లు. మా మనవరాలు కూడా ఇక్కడ నా వైపు తిరిగి చూసింది, తనకీ నమ్మబుద్ధి కాలేదు. కథకి అడ్డుపడింది కూడా ఇదే. సైన్స్ తప్పులు నేను చాలా వరకు క్షమించగలను. ఈ కొత్త గుడ్డు మాత్రం కథ వేసిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి పెట్టింది.

ఆ ప్రశ్న ఇది. లోపల ఉన్న పిల్లని బాంబులతో చంపేస్తే చంద్రుడు అలాగే ఉంటాడు. బయటికి రానిస్తే పెంకు ముక్కలు భూమి మీద పడొచ్చు, ఆ జీవి ఏం చేస్తుందో కూడా తెలీదు. నిర్ణయం మీదే అని చెప్పి డాక్టరు తన యంత్రం ఎక్కి వెళ్లిపోతాడు. మిగిలింది లుండ్‌విక్, క్లారా, కోర్ట్నీ. ముగ్గురు ఆడవాళ్లు, ఒక టైమర్. దీన్ని గర్భస్రావం మీద వాదనగా చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అక్కడ తొర్రూరు గుర్తొచ్చింది.

2015 ఏప్రిల్లో హయత్‌నగర్ దగ్గరి తొర్రూరులో కోళ్లకి బర్డ్ ఫ్లూ అని తేలింది. కోళ్లని చంపి పూడ్చిన బృందాల్లో నేనూ ఉన్నాను. కిలోమీటరు చుట్టుపక్కల ఉన్న కోళ్లన్నిటినీ చంపాలని నియమం. లక్షకు పైగా కోళ్లు. వాటిలో జబ్బు సోకనివి ఎన్నో ఉన్నాయని మాకు తెలుసు, రైతులకీ తెలుసు. గుంత తవ్వి, సున్నం చల్లి, ఒంటినిండా కవర్లు తొడుక్కుని, ఏప్రిల్ ఎండలో ఆ పని చేశాం. జరిగినదానికి చంపలేదు, జరగబోయేదాన్ని తలుచుకుని చంపాం. ఆ నిర్ణయం సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయితే ఆర్డరు మీద సంతకం పెట్టిన అధికారి పని అయిపోయేదాకా ఫారం గేటు దగ్గరే ఉన్నాడు. రైతు తిట్టింది ఆయన్నే. ఆయన నిలబడి విన్నాడు. ఆయన అక్కడ ఉండటం వల్ల మా చేతులకి కొంత బలం వచ్చింది.

అందుకే లుండ్‌విక్ నాకు దుర్మార్గురాలిగా కనిపించలేదు. హర్మయనీ నారిస్ ఆ పాత్రని గొంతు పెంచకుండా, అలసిపోయిన మనిషిలా చేసింది. చంపడం ఇష్టమై ఆ మాట అనడం లేదు, ఆ మాట అనాల్సినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి అంటోంది. ఆ ముగ్గురి మధ్య మాటలు నడిచిన కొన్ని నిమిషాలు చాలా బలంగా ఉన్నాయి. కోర్ట్నీ చిన్నపిల్ల కాబట్టి అది ఇంకా పుట్టని పిల్ల అని మాత్రమే చూస్తుంది. క్లారాకి రెండు వైపులా కనిపిస్తాయి. ఇలాంటి మాటలు పిల్లలు చూసే సిరీస్‌లో పెట్టడానికి ధైర్యం కావాలి.

తర్వాత క్లారా భూమి మీద జనాన్ని అడుగుతుంది. పిల్లని బతకనివ్వాలంటే లైట్లు వెలిగించండి, చంపాలంటే ఆర్పేయండి అని. చంద్రుడి మీదినుంచి చూస్తుండగా ఖండాలకి ఖండాలు చీకటైపోతాయి. చూడటానికి ఒళ్లు జలదరించే దృశ్యం. అప్పుడు మా మనవరాలు అడిగింది: “అమ్మమ్మా, ఆర్పింది జనమా, సబ్‌స్టేషన్ వాళ్లా?” ఆ ప్రశ్న ఎపిసోడ్‌లో ఒక్కరికైనా వచ్చుంటే ఎంత బాగుండేది! 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు మేం డాబా మీదే ఉన్నాం. ఇళ్లన్నీ చీకటి, పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీద వీధి దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. దేశం మొత్తం మీద ఆ కాసేపట్లో సుమారు 31 వేల మెగావాట్ల వాడకం పడిపోయింది. గ్రిడ్ కుప్పకూలకుండా జల విద్యుత్ కేంద్రాలని ముందే సిద్ధం చేసి, అటూ ఇటూ సర్దుకుంటూ వచ్చారు. లైట్లు ఆర్పడమంటే అది. జనం ఆర్పితే ఒక్కో ఇల్లూ విడివిడిగా ఆరుతుంది, కొన్ని వెలుగుతూనే ఉంటాయి. ఊరంతా ఒక్కసారి ఆరితే అది స్విచ్‌యార్డులో ఎవరో తీసుకున్న నిర్ణయం. పగలు నడుస్తున్న సగం భూమికి ఓటే లేదన్న సంగతి సరేసరి. ఓటు తప్పా ఒప్పా అన్నది తర్వాత, అసలు అది ఎవరి ఓటో తేల్చకుండానే కథ ముందుకి వెళ్లిపోతుంది.

జనం చంపమంటారు. ఆఖరి క్షణంలో క్లారా బాంబులు పేలకుండా ఆపేస్తుంది. డాక్టరు తిరిగొచ్చి వాళ్లని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తాడు. గుడ్డు పగులుతుంది, పెంకు ఎవరి మీదా పడకుండా కరిగిపోతుంది, కొత్త చంద్రుడొస్తాడు. మనుషులు తలెత్తి ఆకాశంలోకి చూసి మళ్లీ నక్షత్రాల వైపు బయల్దేరతారని డాక్టరు చెబుతాడు. లుండ్‌విక్ క్లారాకి కృతజ్ఞతలు కూడా చెబుతుంది. నాకు ఇది నచ్చలేదు. లుండ్‌విక్ భయపడింది భయపడాల్సిన విషయానికే. అదృష్టం కలిసొచ్చి ఏమీ జరగలేదు కాబట్టి ఆవిడ ఆలోచనే తప్పని చూపించడం న్యాయం కాదు. తొర్రూరులో చంపిన కోళ్లలో జబ్బు లేనివి ఉన్నాయి కాబట్టి చంపడమే తప్పు అనడం లాంటిదే ఇది. ఒక్క ముక్క పెంకు భూమి మీద పడినా, ఒక్క ఊరికి నష్టం జరిగినా, క్లారా చేసిన పని ఎంత బరువైనదో తెలిసేది. కథ ఆ బరువు మోయలేక కింద పెట్టేసింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ ఎపిసోడ్ గురించి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. అయిపోలేదు. అందరినీ దించాక క్లారా డాక్టరు ముందు నిలబడి అతన్ని కడిగేస్తుంది. ఏం జరుగుతుందో నీకు ముందే తెలుసా అని అడుగుతుంది. అతను తనకి స్పష్టంగా తెలీదంటాడు, మీ నిర్ణయాన్ని గౌరవించి వెళ్లానంటాడు. అది గౌరవంలా అనిపించలేదని, తనని చిన్నచూపు చూసినట్టే ఉందని ఆమె అంటుంది. క్లారాగా చేసిన జెన్నా కోల్‌మన్ కళ్లలో నీళ్లు ఆగడం లేదు, మాట మాత్రం తడబడదు. డాక్టరుగా చేసిన పీటర్ కపాల్డీ ఎదురు చెప్పాలని నోరు తెరిచి ఆగిపోయే తీరు చూడాలి. తను చాలా గొప్పగా ప్రవర్తించానని నమ్ముతున్న మనిషికి, ఎదుటివాళ్లకి అది ఎలా ఉందో మొదటిసారి తెలిసినప్పుడు ముఖం అలాగే ఉంటుంది.

ఇంత నిజమైన కోపం ఈ సిరీస్‌లో నేను అరుదుగా చూశాను. ఫలితం బాగుంది కదా, ఇంకెందుకు కోపం అని ఎవరైనా అనగలరు. క్లారా కోపం ఫలితం మీద కాదు. చేతిలో ఏ వివరమూ లేకుండా, పక్కన ఒక చిన్నపిల్లని పెట్టుకుని, భూమంత బరువు మోయమని ఒక్కదాన్నే వదిలేసి వెళ్లాడన్నది ఆమె కోపం. గేటు దగ్గర నిలబడ్డ ఆ అధికారి నాకు ఆ క్షణంలో ఎంత గుర్తొచ్చాడో చెప్పలేను. నిర్ణయం ఎవరిదైనా, దాని పక్కన నిలబడాల్సిన మనిషి నిలబడాలి. మధ్యలో కథ చేసిన తప్పులన్నీ ఈ ఒక్క సీన్ ఒప్పుకున్నట్టు నాకనిపించింది.

తర్వాత క్లారా తన స్నేహితుడు డానీ దగ్గరికి వెళ్తుంది. అతను ఒకప్పటి సైనికుడు, పై అధికారుల మీద కోపం తెలిసినవాడు. సామ్యూల్ ఆండర్సన్ ఆ రెండు నిమిషాల్లోనే ఎంతో నిదానంగా చేశాడు. ఇంకా కోపం ఉందంటే ఆ మనిషితో నీ పని ఇంకా అయిపోలేదని అర్థం అని చెబుతాడు. మా మనవరాలు ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పడుకునే ముందు మళ్లీ ఆ సీన్ పెట్టించుకుని చూసింది.

పిల్లలతో కలిసి చూడండి. సాలీళ్ల భాగం మరీ చిన్నవాళ్లని భయపెడుతుంది, పదేళ్లు దాటినవాళ్లకి పర్వాలేదు. గుడ్డు బరువు మాటొచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆపి అసలు సంగతి చెప్పండి. దగ్గర్లో హ్యాచరీ ఉంటే అడిగి ఒకసారి తీసుకెళ్లి, చీకటి గదిలో గుడ్డు కింద లైటు పెట్టి చూపించమనండి. ఏడో రోజు గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, మధ్యలో చిన్న చుక్క కదులుతూ ఉంటుంది. చంద్రుడి గుడ్డు కంటే అది వెయ్యి రెట్లు నమ్మలేనట్టు ఉంటుంది, పైగా నిజం.

ఈ ఎపిసోడ్ చూసినవాళ్లు తర్వాతది కూడా వెంటనే చూడాలి. 2014 అక్టోబరు 11న వచ్చిన ‘మమ్మీ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ అది. కథగా దీనికంటే చాలా గట్టిది, ఎక్కడా జారదు. ఒక్క విషయంలోనే నాకు అసంతృప్తి. అంత కష్టపడి తెచ్చిన క్లారా కోపం ఆ ఎపిసోడ్ చివరికల్లా చల్లారిపోతుంది, ఆమె మళ్లీ డాక్టరుతో బయల్దేరుతుంది. ఇంకో రెండు మూడు ఎపిసోడ్లు దాన్ని అలాగే ఉంచాల్సింది.